చెక్కపొట్టులో మండె

మా ఊరి చుట్టుపక్కల ఎక్కడా మిట్ట అన్నది లేదు. చేలు, కాలవలు, కొబ్బరి తోటలు, అన్నీ ఒకే మట్టం. కొవ్వూరు దిగువన ఇంత చదునైన చోట ఒక కొండని లేపిన ఘనత మాది. చెక్కపొట్టు కొండ.

మా ఆయన చెట్లు కొడతాడు. గోడ మీదికి ఒరిగిన మామిడి, కరెంటు తీగల్లోకి పెరిగిన నిద్రగన్నేరు, గాలివానకి సగం విరిగి వేలాడుతున్న వేప, ఇలాంటి వాటిని కింద పెంకు పగలకుండా, తీగ తెగకుండా తాళ్లతో ముక్కముక్కగా దింపడం ఆయన పని. అంతకుముందు కొబ్బరి దింపుకి వెళ్లేవాడు, అంటే చెట్టెక్కి కాయలు కోసేవాడు. ఒక వానాకాలం పాచి పట్టిన చెట్టు మీంచి జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. పక్కకి తిప్పిన ప్రతిసారీ అరవకుండా పళ్లు బిగించుకునేవాడు. అది చూసి చూసి, ఈ మనిషిని మళ్లీ చెట్టెక్కనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. ఏ దేవుడి ముందూ కాదు, నాలో నేనే.

ఆ ఒట్టు నిలబెట్టడానికి వచ్చిందే మిషను. కొమ్మల్ని ఒక వైపు నోట్లో పెడితే రెండో వైపునుంచి వేలెడు కూడా లేని ముక్కలై ఎగిరి పడతాయి. కోయంబత్తూరులో ఎవరో వాడి వదిలేసిన దాన్ని తెచ్చుకున్నాం. ఎక్కడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాం. మా ఆయన కింద నిలబడి మిషనుకి కొమ్మలు అందిస్తాడు. మిషను ఉన్నంతకాలం ఆయన కాళ్లు నేల మీద ఉంటాయి. వ్యాపారంలో నాకు కావలసింది అంతే.

మొద్దులు కోత మిల్లుకి పోయేవి, లావు కొమ్మలు హోటళ్ల పొయ్యిల్లోకి, ఆకు మేకలకి. పొట్టు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అది పోసుకోడానికి, మిషను పెట్టుకోడానికి కాలవ గట్టు పక్కన చోటిచ్చింది ఒక పెద్ద రైతుగారు. మా నాన్న ఆయన పొలమే కౌలుకి చేసేవాడు. ఆ చోటు ఆయన వరి నూర్చుకునే కళ్లం. వరికోత మిషన్లొచ్చాక ఖాళీగా పడి ఉంటోంది, వాడుకోండన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి కుప్ప ఆయన తలని దాటింది. కుప్పలో పాములు చేరాయని ఊళ్లో ఒకరంటే పదిమంది అన్నారు. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. చివరికి ఆయనే వచ్చి, నెలాఖరులోపు తీయకపోతే జేసీబీ పెట్టి మురుగు కాలవలోకి నెట్టిస్తానని, మిషను కూడా అక్కడ ఉండటానికి వీల్లేదని చెప్పేసి వెళ్లారు.

మిషను పెట్టుకోడానికి మాకు వేరే చోటు లేదు. మిషను లేకపోతే ఏమవుతుందో మా ఆయనే చెప్పాడు, అన్నం కలుపుకుంటూ, చాలా మామూలుగా.

“ఏముందే, కాలు బానే ఉంది కదా. దింపుకెళ్తాను.”

ఆ పొట్టు అమ్మి తీరాలనుకున్నాను.

ముందు ఒక అట్ట మీద ‘చిప్స్ అమ్మబడును’ అని రాసి, కింద నా నంబరు వేసి రోడ్డు మీద కట్టాను. మొదటి ఫోను అరగంటలో వచ్చింది. “అరటికాయవా అండి, బంగాళాదుంపవా?” అన్నాడాయన. వేపవి, నిద్రగన్నేరువి అన్నాను. పెట్టేశాడు.

తర్వాత సంచీలో శాంపిలు పోసుకుని బస్సెక్కి కడియం వెళ్లాను. నర్సరీ ఆయన పిడికెడు తీసి వాసన చూసి, “మాకు కొబ్బరి పొట్టు గుట్టలుగా ఉందండి. ఇదైతే చెద పట్టేస్తుందండి” అని మర్యాదగా సంచీ నా చేతికిచ్చాడు. ఇటుక బట్టీ ఆయన పచ్చిగా ఉంది మండదన్నాడు, తనకి ఊక ఉందన్నాడు. కోళ్ల ఫారం ఆయనకీ ఊకే. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మల మీద కప్పడానికీ ఊకే. గోదావరి జిల్లాల్లో ఊక మీద నాకున్నంత కోపం ఇంకెవరికీ ఉండదు. కాగితం మిల్లుకి కర్ర తోలే లారీ ఆయనైతే, బెరడు లేకుండా అంతా ఒకే జాతి కర్ర అయితే చూద్దామన్నాడు. మా కుప్పలో ఏ చెట్టుదేదో ఏరడం ఎవరి తరం?

ధనుర్మాసం చలి మొదలైంది. ఒక రోజు పొద్దున్నే ఊరి వాట్సాప్ గ్రూపులో ఫోటో పడింది. కుప్ప మీంచి తెల్లగా పొగ. కింద ‘కళ్లంలో పొట్టు అంటుకుంది’ అని ఒకరు, ‘నేను ముందే చెప్పాను’ అని ముగ్గురు. బిందె పట్టుకుని పరిగెత్తాను. తీరా చూస్తే మంట లేదు, కమురు వాసన లేదు. లోపల పొట్టు మాగి వేడెక్కి ఆవిరి వదులుతోంది. చలికి అది పొగలా కనిపిస్తోంది. ఇంతలో రైతుగారు మఫ్లరు చుట్టుకుని స్కూటరు మీద వచ్చేశారు.

“ఏమ్మా, ఊరు తగలబెడదామనా?”

“మంట లేదండి బాబుగారు. వేడండి. చెయ్యి పెట్టి చూడండి.”

ఆయన పెట్టలేదు. అసలు ఆయన చిరాకు పొగ గురించి కాదు, మండె గురించి. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారు పోసే రోజులవి. విత్తనం వడ్లని ఒక రోజు నానబెట్టి, గోనె బస్తాల్లో కట్టి, పైన ఎండుగడ్డి కప్పి బరువు పెడతారు. లోపల వేడి పుట్టి మొలక వస్తుంది. దాన్నే మండె కట్టడం అంటాం. తొలకరికైతే రెండో రోజుకే ముక్కు పగులుతుంది. ఆ ఏడు చలి మొండికేసింది. నాలుగు రోజులైనా ఊళ్లో మండెలు పులిసిన వాసన కొడుతున్నాయే తప్ప మొలక లేదు. కాలవ నీటికి వంతులు పెడతారంటున్నారు. నారు ఆలస్యమైతే చివర్లో చేలు ఎండిపోతాయి.

నేను పొట్టులో మోచేతిదాకా పెట్టి ఉన్నాను. ఆ వెచ్చదనానికి మా అమ్మ గుర్తొచ్చింది. ఇలాంటి చలి రోజుల్లో మా అమ్మ మండె మీద తన దుప్పటి కప్పేసి, తను ముడుచుకుని పడుకునేది.

“బాబుగారండి, మీ బస్తా ఒకటి ఇటు పంపండి. ఇందులో పెట్టి చూస్తాను.”

“చెత్తలో విత్తనం పెడతారా ఎవరైనా?”

చెత్త అన్న మాటకి నాకు తిక్క రేగింది కానీ నోరు కట్టేసుకున్నాను. ఎలాగూ పోయేదే అనుకున్నారేమో, గంటలో ఒక బస్తా పంపారు. మా ఆయనా నేనూ ఆత్రంగా కుప్పని తవ్వి, నడిబొడ్డున పాతిపెట్టాం. ఎంత వేడి తగిలితే అంత త్వరగా మొలుస్తుందని మా తెలివి.

మర్నాడు నలుగురి ముందు బస్తా బయటికి లాగాం. మూతి విప్పగానే ఆవిరితోపాటు కమ్మటి వాసన. రైతుగారు ఒక గింజ తీసి, గోరుతో పొట్టు వలిచి, నోట్లో వేసుకుని నమిలారు.

“బానే ఉడికిందమ్మా. ఉప్పుడు బియ్యానికి పనికొస్తుంది.”

అందరూ నవ్వారు. నేనొక్కదాన్నే నవ్వలేదు. రేపు మధ్యాహ్నం జేసీబీ వస్తుందని చెప్పి ఆయన స్కూటరు తీశారు. తలెత్తుకోలేక ఇంటికొచ్చేసరికి, మా ఆయన అటక మీంచి పాత మోకు దించి, చివికిందేమోనని రెండు చేతులా లాగి చూస్తున్నాడు. అది ఆయన కొబ్బరిచెట్లు ఎక్కిన మోకు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ఎక్కువగా కోపమొచ్చింది, రైతుగారి మీద కాదు, నా మీద. వేడి ఉందని తెలిసింది, ఎంత వేడి కావాలో ఆలోచించలేదు. చంటిపిల్లకి నీళ్లు పోసేటప్పుడు ఎవరైనా మరిగే కాగులో కూచోబెడతారా?

ఆ మాట అనుకోవడంతోనే దారి దొరికింది. చంటిపిల్ల స్నానం నీళ్లు మోచేత్తో చూస్తాం. మోచెయ్యి హాయిగా ఓర్చుకుంటే సరిపోయిన వేడి. పక్కింటి పిన్ని అరెకరానికి కట్టుకున్న మండెలోంచి, ఇంకా ముక్కు పగలని వడ్లు రెండు కుంచాలు బతిమాలి తెచ్చుకున్నాను. కుప్ప చుట్టూ తిరిగి మోచెయ్యి పెట్టి చూసుకుంటూ, అంచున ఒక చోట సరైన వేడి పట్టుకున్నాను. అక్కడ గుంట చేసి, చిన్న సంచీ ఉంచి, పైన పలచగా పొట్టు, దాని మీద తడి గోనె కప్పాను. తెల్లారి మళ్లీ చూసి, ఇంకో జానెడు బయటికి జరిపాను.

మధ్యాహ్నం జేసీబీ నిజంగానే వచ్చింది. రైతుగారు దాని పక్కన నిలబడి ఎక్కణ్నుంచి నెట్టాలో చూపిస్తున్నారు. నేను వెళ్లి సంచీ విప్పాను. గుప్పెడు తీసి అరచేతిలో పరుచుకున్నాను. ప్రతి గింజకీ తెల్లటి ముక్కు. మొలవనిది ఒక్కటి లేదు.

తీసుకెళ్లి ఆయన చేతిలో పోశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. వేలితో తిరగేసి మళ్లీ చూశారు. జేసీబీ మనిషికి ఆగమని చెయ్యి ఊపారు.

“ఎన్ని బస్తాలకి చోటుందమ్మా నీ దగ్గర?”

“స్థలం మీదేనండి బాబుగారు. కుప్ప మాత్రం మాదండి.”

ఆయన మొదటిసారి నవ్వారు. “ఆయ్, నీదేనమ్మా” అన్నారు.

సాయంత్రానికి స్కూటర్ల మీద, ట్రాక్టర్ల మీద బస్తాలు దిగాయి. కుప్ప చుట్టూ ఒడ్డాణం పెట్టినట్టు వరసగా పేర్చాం. ఎవరి బస్తా ఎక్కడ పెట్టాలో నా మోచెయ్యి చెప్పాలి. ‘నేను ముందే చెప్పాను’ అన్న ముగ్గురూ వరసలో నిలబడ్డారు. వాళ్లని కాస్త ఎక్కువసేపే నిలబెట్టాను. చాలా గర్వంగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు?

నారుమళ్లు పచ్చబడ్డాక, ఎవరి పెరట్లో వాళ్లకి ఒక కుప్ప కావాలని పొట్టు అడగడం మొదలుపెట్టారు. ట్రాక్టరు లోడు చొప్పున కొన్నారు. అడుగున మాగి నల్లబడింది కంద మళ్లలోకి పోయింది. ఫోన్లో ఇప్పుడు ఎవరూ అరటికాయవా అని అడగరు. మొన్న కార్తీకంలో రైతుగారే పిలిచి, “కళ్లం బోసిగా ఉందేంటమ్మా, కుప్ప ఎప్పుడు వేస్తారు? దాళ్వా వచ్చేస్తోంది” అన్నారు. వేశాం. పోయినేటి కంటే పెద్దది.

ఈ దాళ్వాకి ఎన్ని బస్తాలొచ్చాయంటే, మూతులు కట్టడానికి తాళ్లు చాలలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఎక్కేది నేనొక్కదాన్నే, అదీ అటక. ఎక్కి మోకు దించాను. కళ్లంలో కూచుని కత్తిపీట మీద దాన్ని ముక్కలు కోసి, పురులు విప్పి, బస్తాల మూతులు కట్టడం మొదలుపెట్టాను. మా ఆయన మిషను ఆపి వచ్చాడు. వద్దంటాడేమో అనుకున్నాను. ఆయన నా పక్కన కూలబడి, మోకు రెండో కొస అందుకుని, పురి విప్పసాగాడు.