బాన, గురక, రెండు అప్పడాలు

నా పెళ్ళి ఆగిపోబోయింది. కాఫీలో చక్కెర తగ్గి కాదు, మగపెళ్ళివారికి విసనకర్రలు అందక కాదు. అచ్చంగా నా నోటి మూలంగా! పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినవాణ్ణి చూసి లోకమంతా నవ్వుతుంది. నేనైతే ఆ పిల్లిని ఏకంగా నాలుక మీదే కూర్చోబెట్టుకుని పోయాను. స్థిమితంగా కూర్చోండి, చెబుతాను.

అరవైల్లో మాట. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బి.ఏ. పాసయ్యాను, రెండోసారికి. నెల్లూరులో గుమస్తా ఉద్యోగం, ఒంటి మీద టెర్లిన్ చొక్కా, చొక్కా లోపల నాకు తెలియనిది లేదన్న నమ్మకం. పెళ్ళేమో విడవలూరు అవతల, సముద్రపు హోరు వినిపించే పల్లెలో.

ముందురోజు సాయంత్రం విడిదింటి వెనక వసారాలో మేళంవాళ్ళు ఫలహారం చేస్తున్నారు. కిటికీ దగ్గర నిలబడి అద్దంలో మీసం చూసుకుంటున్న నాకు వాళ్ళ మాటలు వినబడ్డాయి.

"ఈ ఉప్పుగాలికి బాన మెత్తబడిపోయింది. కాస్త సెగ చూపించరా," అన్నాడు నాదస్వరం చెంచయ్య. మేళానికి పెద్ద ఆయనే.

"చూపించినా గదన్నా. గురకకే గాలి నిలవడంలా," అన్నాడు డోలు వాయించే మాలకొండయ్య.

నాకు భలే సరదా వేసింది. బాన అంటే డోలు. గురక అంటే శ్రుతిపెట్టె. తాళాలేమో అప్పడాలు. ఇక చెంచయ్య నాదస్వరం పేరు పొడుగోడు. "మా పొడుగోడికి రేపు తెల్లారినప్పటి నుంచీ పనే," అంటూ చంటిబిడ్డకు తల తుడిచినట్టు ఆయన దాన్ని తుడుస్తున్నాడు. పరీక్షలకు కూడా అంత శ్రద్ధగా బట్టీ పట్టలేదు నేను. నాలుగు పేర్లూ పది నిమిషాల్లో కంఠతా వచ్చేశాయి.

తెల్లవారింది. పెళ్ళిపీటల మీద కూర్చున్నాను. ఎదురుగా తెర, తెర వెనక పెళ్ళికూతురు రమణమ్మ, పక్కన ముసిముసిగా నవ్వుతూ నలుగురు మరదళ్ళు. పెళ్ళికొడుకన్నవాడు అలాంటప్పుడు తల దించుకుని కూర్చోవాలి. కానీ కంఠతా పట్టిన చదువు కడుపులో ఉంటుందా?

"ఏమయ్యా చెంచయ్యా!" అని కేక వేశాను. "ఆ పొడుగోడి గొంతు కాస్త తగ్గించు. ముందా గురక ఆపించు. బాన మీద నాలుగు తగిలించమను!"

మరదళ్ళు కిసుక్కున నవ్వారు. అంతే, నాకు ఇంకాస్త ఊపొచ్చింది.

"ఆ అప్పడాలు వేగాయా, ఇంకా పచ్చిగానే ఉన్నాయా?"

మేళం టక్కున ఆగిపోయింది. చెంచయ్య నాదస్వరానికి గుడ్డసంచి తొడిగి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మామగారు పరుగెత్తుకొచ్చారు. "ఏంది చెంచయ్యా, ఏమైంది?"

"మా బిడ్డను మేం ముద్దుగా బొండం అనుకుంటాం, డొక్కు అనుకుంటాం. దారిన పోయేవాడు అంటే ఊరుకుంటామా సామీ? దీన్ని మా నాయన వాయించినాడు, ఆయన నాయన వాయించినాడు. నిండు పందిట్లో ఎకసెక్కాలా?"

పంతులుగారు గడియారం చూసుకున్నారు. "ముహూర్తం ఇంకా ఎనిమిది నిమిషాలే నాయనా! గట్టిమేళం లేకుండా ఎట్టా కానిచ్చేది?"

"వంటశాలలో గంగాళం ఉంది, గరిటెతో నేను వాయిస్తా," అన్నాడు మా మేనమామ, పంచె ఎగ్గడుతూ.

"గంగాళం మోగిస్తే గ్రహణం పట్టిందనుకుని కడుపుతో ఉన్నవాళ్ళంతా ఇళ్ళలోకి పోతారయ్యా! కూర్చో!" అని కసిరారు పంతులుగారు.

అప్పుడు నాకు భయం వేసింది. నిజంగానే వేసింది. మామగారి మొహం చూడలేకపోయాను. పాపం, ఆ మనిషి తువ్వాలు చేతిలో పట్టుకుని ఒకసారి చెంచయ్య వైపు, ఒకసారి నా వైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే తెర వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది. నా భార్య నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

"తప్పయిందని చెప్పరాదా? నోరు బాగానే ఉంది గదా."

లేచాను. బాసికం ఊగుతుండగా చెంచయ్య ముందుకు పోయి చేతులు జోడించాను. "తప్పయింది చెంచయ్యగారూ."

"నాకెందుకు సామీ? మీరు అనింది వాటిని."

ఇంకేం చేస్తాను? మూడొందలమంది చూస్తుండగా ఒక్కొక్కదానికీ వంగి దణ్ణం పెట్టాను. "నాదస్వరంగారూ, తప్పయింది. డోలుగారూ, క్షమించాలి. శ్రుతిపెట్టెగారూ, బుద్ధి గడ్డి తిన్నది." తాళాల దగ్గరికి వచ్చేసరికి అవి రెండు కాబట్టి రెండుసార్లు వంగమన్నాడు మాలకొండయ్య. వంగాను. నోరు మంచిదైతే మేళం మంచిది అని ఆ వేళ తెలిసింది.

చెంచయ్య సంచి విప్పాడు. గట్టిమేళం మోగింది. మాలకొండయ్య డోలును సరిగ్గా నా చెవి పక్కనే పెట్టి వాయించాడు, మూడు రోజులు ఆ చెవి పనిచెయ్యలేదు. తెర దించారు. రమణమ్మ నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది.

ఆరేళ్ళ తరవాత మా బావమరిది పెళ్ళికి మళ్ళీ ఆ మేళమే వచ్చింది. నేను చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. మా ఆవిడ ఊరుకుంటుందా?

"చెంచయ్యన్నా, శ్రుతిపెట్టెను ఇంకా గురకనే అంటాండారా?"

"లేదమ్మా. మీ పెళ్ళినాడే ఆ పేరు మార్చేసినాం."

"మరి ఇప్పుడేమంటారు?"

చెంచయ్య నా వైపు చూసి తల దించుకున్నాడు. మాలకొండయ్య మాత్రం ఆగలేకపోయాడు.

"అల్లుడుగారు అంటాండామమ్మా. లోపల గాలి తప్ప ఇంకేం లేదు గదా."

కాబట్టి సకల జనులారా, అగ్నిసాక్షిగా మూడు ముళ్ళు వేసిన ఈ చేతిని గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ వాద్యాన్నీ ముద్దుపేరుతో పిలవను. సైకిలు గంటను సైతం గంటగారూ అనే అంటాను. ఈ ముక్క రాసి ఒకసారి పైకి చదువుకుంటున్నానో లేదో, వంటింట్లోంచి రమణమ్మ కేక వేసింది.

"అల్లుడుగారూ, గాలి చాలించి అన్నానికి రండి!"