మిల్లీగ్రాముగారి నాలుగో తరగతి

తూనికలు, కొలతల శాఖలో ఇరవై ఆరేళ్ళుగా ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్న ఆయనకు ఆఫీసులో పెట్టిన పేరు మిల్లీగ్రాము. ఆ సంగతి ఆయనకు తెలియదని ఆఫీసంతా నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని ఆయన ఇంతవరకూ చెడగొట్టలేదు.

ఆయనకొక గిటారు ఉంది. కొని పదకొండేళ్ళయింది. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు ముందుగది తలుపు వేసుకుని, దాన్ని పెట్టెలోంచి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, శ్రుతి చూపే చిన్న యంత్రాన్ని దాని తలకు తగిలించి, తీగలను ఒక్కొక్కటిగా సరిచేస్తారు. ఆరోది కుదిరేసరికి మొదటిది పిసరంత దిగుతుంది. మళ్ళీ మొదలు. పదకొండుంబావు ప్రాంతంలో ఆరు తీగలూ ఏకకాలంలో శ్రుతిలో ఉండే అపురూప క్షణం ఒకటి వస్తుంది. అప్పుడాయన గిటారును జాగ్రత్తగా పెట్టెలో పెట్టేస్తారు. వాయిస్తే శ్రుతి చెడిపోతుంది కదా.

ఈ సంగీతాన్ని గోడ అవతలినుంచి పదకొండేళ్ళు విన్న భార్య, ఈ వేసవిలో పేపరులోంచి ఒక ప్రకటన కత్తిరించి ఆయన టీ కప్పు కింద పెట్టారు. అన్ని స్థాయులవారికీ వారం రోజుల గిటారు శిబిరం, భోజన వసతులతో సహా.

“వెళ్ళి రండి. ఆఖరిరోజు కచేరీలో మొదటినుంచి చివరిదాకా ఒక్క పాట వాయించండి. లేదంటే ఆ పెట్టె మా తమ్ముడింటికి పోతుంది. వాడి కూతురు కనీసం చప్పుడన్నా చేస్తుంది.”

ఆవిడ ఉత్తినే బెదిరించే మనిషి కారు. వ్యాయామం సైకిలు రెండేళ్ళ కిందట ఆ ఇంటికే వెళ్ళి, ఇప్పుడక్కడ తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. తన గిటారుకు ఆ గతి పట్టడాన్ని మిల్లీగ్రాముగారు ఊహించుకోలేకపోయారు.

దరఖాస్తులో ఒక గడి ఉంది: మీ స్థాయి, ఒకటి నుంచి నాలుగు వరకు. ఏ కొస పైదో అందులో రాయలేదు. రాయవలసిన అవసరం ఆయనకూ కనిపించలేదు, ఎందుకంటే కాటాలకు కూడా నాలుగే తరగతులు. ప్రయోగశాలలో గాజు తలుపుల వెనక ఉండేది మొదటి తరగతి. కంకర, పాత ఇనుము తూచేది నాలుగోది. ఆయన తన శక్తిని నిష్పక్షపాతంగా అంచనా వేసుకుని, వినయంతో నాలుగు అని రాసి సంతకం చేశారు.

శిబిరం ఒక కాలేజీ హాస్టల్లో. సోమవారం తొమ్మిదింటికి ఆయనను మేడమీది గదికి పంపారు. ఎనిమిది కుర్చీలు. మిగిలిన ఏడింటిలో కూర్చున్నవాళ్ళ వేళ్ళు కదలడం మొదలుపెట్టాక, కంకర కాటాను ఎక్కడ తెచ్చి పెట్టారో ఆయనకు నలభై సెకన్లలో అర్థమైంది.

ఆయన గదిలో రెండో మంచం ఒక బస్సు డ్రైవరుది. గిటారు పట్టి మూడు వారాలే అయింది. కింది గదిలో, ఒకటో స్థాయిలో చేరి, మొదటిరోజు సాయంత్రానికే ఒక పాటను ఆసాంతం, ఏ తీగా శ్రుతిలో లేకుండా, ఎంతో సంతోషంగా వాయించేశాడు. విషయం విని అతను సులువైన దారి చెప్పాడు. “పొరపాటైందని మాస్టారుతో చెప్పండి సార్. మా గదిలో కుర్చీ ఖాళీగానే ఉంది.”

అదే కుదరదు. ఇరవై ఆరేళ్ళుగా దుకాణదారులు ఆయన ముందు నిలబడి పొరపాటున రాశామంటూనే ఉన్నారు. రాసింది మీరేనా, సంతకం మీదేనా అని మాత్రమే ఆయన అడిగేవారు. ఇప్పుడు రాసిందీ ఆయనే, సంతకమూ ఆయనదే. కాబట్టి మంగళవారం కూడా మేడ ఎక్కారు.

మేడమీద నేర్పే గడ్డం మాస్టారు మంచివాడు. ఏమీ అడగలేదు. ఎనిమిదిమంది కలిసి వాయించే పాటలో ఆయనకొక భాగం ఇచ్చాడు: ఆరో తీగ, లావుపాటిది, ఎక్కడా నొక్కకుండా, నాలుగు లెక్కలకు ఒకసారి మీటాలి. మొత్తం అరవై నాలుగు మీట్లు. ఎడమచేతికి ఉద్యోగమే లేదు. మిల్లీగ్రాముగారు నాలుగు రోజులు రోజుకు ఆరు గంటలు సాధన చేశారు.

శనివారం సాయంత్రం ఐదింటికి భోజనశాలలో కచేరీ. భార్య ముందు వరసలో కూర్చున్నారు. పక్కన బావమరిది, ఒళ్ళో ఒక ఖాళీ గిటారు సంచి. ముందుచూపున్న మనిషి.

హాల్లో ఉక్క. ఇరవై మూడో మీటు దగ్గర ఆరో తీగ దిగింది. ఎనభై రెండున్నరకు ఓ పిసరు తక్కువగా ఉండవలసిన హెర్ట్జ్‌లు ఎనభై రెండు కూడా లేవని ఆయన చెవికి స్పష్టంగా తెలిసింది. హాల్లో ఇంకెవరికీ తెలియలేదు. పనిలేని ఎడమచేయి దానంతటదే తీగ బిగించే మరమీదికి వెళ్ళింది. తిప్పితే ఇరవై నాలుగో మీటు పోతుంది. మర తిప్పకుండానే చేయి దించేశారు. ఇరవై నాలుగు మీటారు. ఇరవై ఐదు. మిగతా అంతా, తప్పు తూకమని తెలిసే, ముద్ర వేస్తూ పోయారు. అరవై నాలుగు.

చప్పట్లయ్యాక బావమరిది దగ్గరికొచ్చాడు. “బాగుంది బావగారూ. మీ వంతు ఎప్పుడు?”

భార్య నవ్వలేదు. “మీరే చెప్పండి. అది పాట కిందికి వస్తుందా?”

ఆయన తన జీవితంలో తప్పుడు ధ్రువపత్రం ఇవ్వలేదు. రాదని చెప్పారు. ఒకే తీగ అరవై నాలుగు సార్లు, అందులో నలభై రెండు శ్రుతి తప్పి. గిటారును తుడిచి, స్వహస్తాలతో ఆ సంచిలో పెట్టి, జిప్పు వేశారు.

“తప్పిందని తెలిసి కూడా ఆపలేదా?” అన్నారావిడ.

“ఆపితే పాట పోతుంది.”

ఆవిడ కాసేపు ఆయన ఎడమచేతివైపు చూశారు. తర్వాత సంచి జిప్పు తీసి, గిటారు బయటికి లాగి ఆయన చేతికిచ్చారు. దాని తలకు తగిలించి ఉన్న శ్రుతి యంత్రాన్ని ఊడదీసి, అంత పెద్ద సంచిలో వేసి, తమ్ముడికి అందించారు.

“ఇది నీ కూతురికివ్వు.”

మర్నాడు ఆదివారం. పది గంటలకు ముందుగది తలుపు వేశారు. పది దాటి రెండు నిమిషాలకు ఏదో పాట మొదలైంది, ఏ తీగా మరో తీగతో మాట్లాడకుండా. పదకొండేళ్ళలో మొదటిసారి భార్య వంటింటి తలుపు కూడా లోపలినుంచి వేసుకున్నారు. అయినా పెట్టెను ఎక్కడికీ పంపలేదు.