లేని వేళ్ళ తాళం

పాట కచేరీలో తొడ మీద తాళం వేసినందుకు నన్ను నరసరావుపేటలో పందిట్లోంచి లేపి పంపేశారు. "రాళ్ళు కొట్టే చేతులకు తాళమేందిరా?" అన్న అక్కడి పెద్దమనిషి మాట నాకు ఈనాటికీ అరగలేదు.

ఇక జన్మలో తాళం వేయనని ఒట్టు పెట్టుకుని, వినుకొండ రైల్లో చేతులు చంకల్లో దోపుకుని కూర్చున్నాను. ఎదుటి బల్ల మీద ఒక ముసలాయన కూనిరాగం తీస్తూ తొడ మీద ఆదితాళం వేస్తున్నాడు. దెబ్బ వేశాక చిటికెన వేలు మొదలు మూడు వేళ్ళు వరసగా ఎంచాలి. ఆయనకు మొదటి రెండూ లేవు. క్వారీలో మందు పేలి ఊడిపోయాయని తర్వాత చెప్పాడు. అయినా వాటి చోట అంతే సేపు ఆగి, నడిమి వేలికి వస్తున్నాడు.

నా అవమానం చెప్పుకుని, "లేని వేళ్ళ దగ్గర ఆగటం ఎందుకు తాతా?" అని అడిగాను.

ఆయన ఎనిమిది లెక్కల ఆవర్తం పూర్తిచేసి, అప్పుడు నా వైపు తిరిగాడు.

"వేళ్ళు పోయినయ్‌రా అబ్బాయ్, వాటి కాలం యాడికి పోద్ది? తియ్యి, ఆ చేతులు బయటికి తియ్యి."