శ్రీరంగప్ప త్రేన్పు

ఖాళీ కడుపుతో త్రేన్చడం శ్రీరంగప్పకు తెలిసిన విద్య. మామూలు త్రేన్పు కాదు. పెళ్లిభోజనం చేసి, పైన రెండు అరటిపళ్లు తిన్నవాడి త్రేన్పు. ధర్మవరంలో ఆయన తన మగ్గం మీద కూర్చుని త్రేన్చితే, పక్క మగ్గం మీద నాకు పోగు తెగేది.

కదిరిలో స్వామి తేరుకు ఏటా నడిచే పోయేవాడు. "బస్సులో పోతే పుణ్యం డ్రైవరుకు పోతాదప్పా" అనేవాడు. తేరుకు నడిచిపోయేవాళ్లను దారి పొడవునా జనం పిలిచి సంగటి పెడతారు. గడప ముందుకొచ్చిన వాణ్ణి వట్టి కడుపుతో పంపడం ఆ ఇంటికి తలవంపులు. ఈ మాట విని ఎనభై అయిదులో నేనూ ఆయన వెంట బయలుదేరాను. స్వామి మీద భక్తి కొంత, సంగటి మీద చాలా.

అది వానలు మొహం చాటేసిన ఏడు. వేరుశనగ చేలోనే మాడింది. కరువు చూడడానికి జీపుల్లో వచ్చినవాళ్లు మాత్రం ఊరూరా కోడికూర తిని, కరువు నిజమేనని తేల్చి వెళ్లారు.

ముదిగుబ్బ దాటాక రోడ్డు పక్కన ఒక ఇల్లు కనబడింది. నా ప్రాణం లేచొచ్చింది. ఇంకా కాస్త దూరం ఉండగానే శ్రీరంగప్ప ఆగి, గాలి మింగి, బ్రేవ్‌మన్నాడు. కంపచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

తలుపు చాటున నక్కిన ఇల్లాలు బయటికొచ్చింది. "తిని వచ్చినట్టుండారే. లేకుంటే ఇంత సంగటి కెలికి పెడుదును."

"గొంతు దాకా ఉండాది తల్లీ. నీళ్లు చాలు."

నీళ్లే వచ్చాయి. ఆమె మొహం వికసించింది, నాది వాడింది.

రెండో ఇంటి దగ్గరా బ్రేవ్. మూడో ఇంటి దగ్గరా బ్రేవ్. నా కడుపులో నీళ్లు తొణుకుతున్నాయి.

"అన్నా, ఆ తేపు నోట్లోనే పెట్టుకో. ఆకలికి సచ్చిపోతాండా."

"వస్తే ఆపేదెట్లప్పా?"

పొద్దు వాలే వేళకు మేకలు కాసే కదిరమ్మ గుడిసె చేరాం. శ్రీరంగప్ప మళ్లీ బ్రేవ్‌మన్నాడు. ముసలమ్మ కదల్లేదు.

"చాల్లే శ్రీరంగప్పా. ఏండ్లుగా వింటాండా" అని నావైపు తిరిగింది. "పొయ్యిలో పొగ లేని ఇంటికాడే ఈయప్పకు తేపు వస్తాది. పెట్టేదానికి లేనోళ్లు సిగ్గుపడకూడదని. పోయినేడు నా పొయ్యి మీద ఎసరు ఉడుకుతాంటే పిలవకుండానే కూర్చున్నాడు. రెండు ముద్దలు మింగి మూడోది అడిగినాడు. ఆ పొద్దు యాడికి పోయిందో ఈ తేపు."

పొద్దుట్నుంచి చూసిన ఏ ఇంటి మీదా పొగ లేదు. ఆకలి గోలలో నేను పైకే చూడలేదు. దారంతా తిట్టుకున్న మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టింది.

దొంగతనం బయటపడినట్టు శ్రీరంగప్ప కండువా సర్దుకున్నాడు. "అట్లేం లేదక్కా. నిజంగానే కడుపు నిండుగా..." అంటుండగానే ఆయన కడుపు గుర్రుమంది.

"నేను పెట్టేది వద్దని తేన్చేదానికి నువ్వెవరప్పా? పొద్దుటి ముద్ద నీళ్లలో ఏసి పెట్టినా. కూర్చోండి."

ఉన్న ఒక్క ముద్దను మూడు చేసింది. ఎర్రగడ్డ నంజుకుని, శ్రీరంగప్ప తన వంతు తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక ఆయన గొంతులో ఏదో కదిలింది. నేను చెవులు మూసుకున్నాను. ఆ అవసరం లేకపోయింది. పాలు తాగిన పసిబిడ్డకు వచ్చేంత త్రేన్పు వచ్చింది.

"ఇది నిజంది" అంది కదిరమ్మ.