ఉచిత సిమ్ము, ఉత్త గుండు

నా గుండు కథ కాణిపాకం బస్సులో చెప్పుకుంటారు, చిత్తూరు బెల్లం మండీలో చెప్పుకుంటారు, పెళ్ళి పందిట్లో పప్పు వడ్డిస్తూ కూడా చెప్పుకుంటారు. కానీ, "అసలేం జరిగిందప్పా?" అని నన్ను అడిగినవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు. గుండు నాది, పోయిన పరువూ నాది. కథ మాత్రం అందరి సొత్తయిపోయింది. అడగకపోతే పోనీ, నేనే చెప్తాను. ప్రభుత్వం పిలిచి ఉచితంగా ఇస్తానన్న దాన్ని ఒక మనిషి ఎవరి సాయమూ లేకుండా, సొంత తెలివితో ఎలా పోగొట్టుకోగలడో మీరిప్పుడు చూడబోతున్నారు.

ముందు నా సంగతి. మాది కాణిపాకం దగ్గర ఒక పల్లె. చెరకు పండిస్తాం, గానుగాడి బెల్లం వండుతాం. నాకు మరుపు అనే సుఖం లేదు. మా పక్కింటి మునిరత్నం కొడుకు పెళ్ళిలో పాయసం గరిటె నా విస్తరిని దాటుకుని అవతలి విస్తరికి పోయింది. ఆ కొడుక్కి ఇప్పుడు బడికి పోయే పిల్లలున్నారు. ఆ గరిటె మాత్రం నా కళ్ళముందు ఇంకా దాటుతూనే ఉంది. ఇలాంటివి మనసులో పెట్టుకుని కుమిలిపోయే రకం కాదు నేను. అర్జీ పెడతాను. సోమవారం వచ్చిందంటే కలెక్టరాఫీసులో నేను ఉండాల్సిందే. నేను కనబడగానే అక్కడి బంట్రోతు బెంచీ మీద దుమ్ము దులుపుతాడు. మర్యాదకో, 'మళ్ళీ వచ్చినాడ్రా' అన్న విసుగుకో నేను తేల్చుకోలేదు. తేల్చుకుంటే దాని మీదా ఒక అర్జీ పెట్టాల్సి వస్తుంది.

కొన్నేళ్ళ కిందట రేషన్ కార్డున్న ఇళ్ళకు ఉచితంగా సిమ్ము ఇస్తామని, ఏడాదిపాటు మాటలు కూడా ఉచితమని మా సచివాలయంలో చెప్పారు. మొదటి విడతలో మునిరత్నం ఇంటికి వచ్చింది. మునిరత్నానికి మామిడి తోపు ఉంది, మిద్దె మీద మిద్దె ఉంది, ఆ పై మిద్దె మీద ఎవరికీ అవసరం లేని ఒక కుర్చీ కూడా ఉంది. ఆయనకు వచ్చింది, నాకు రాలేదు.

అప్పటికి నా దగ్గర ఒక బటన్ల ఫోను ఉండేది. బ్రహ్మాండంగా పనిచేసేది. మరుసటి రోజు నుంచే దానికి రీచార్జి ఆపేశాను. ఎందుకని అడగండి. నా అంతట నేను రీచార్జి చేసుకుంటే, ఈ మనిషికి మన సాయం అవసరం లేదని ప్రభుత్వం అనుకోదా? అందుకని నిరసన మొదలుపెట్టాను. నా నిరసనను ప్రభుత్వం గమనించిందో లేదో నాకు తెలియదు. మా ఆవిడ చెంగమ్మ మాత్రం బాగా గమనించింది.

మా ఒక్కగానొక్క కూతురు హేమ రేణిగుంట దగ్గర ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఊరి ఫోన్లన్నీ దాని చేతుల మీదుగా పోతాయి, అప్పట్లో పుట్టింటి ఫోను మాత్రం చచ్చి అటక మీద ఉండేది. దానికి తీరిక దొరికేది మధ్యాహ్నం అన్నం వేళ. మా ఫోను ఆగిపోయిందని ఆ వేళకు మునిరత్నం ఇంటికి చేసేది. చెంగమ్మ చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. మునిరత్నం భార్య, బాగా వినబడాలని స్పీకరు పెట్టి ఫోనును మధ్యలో పీట మీద ఉంచేది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి హరికథ విన్నట్టు వినేవాళ్ళు. హేమ దగ్గితే, ఆ దగ్గుకు కషాయం ఏమిటో సాయంత్రానికి ఊళ్ళో నలుగురూ చెప్పేవాళ్ళు.

ఒకరోజు చెంగమ్మ అక్కడినుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఆ పిల్ల ఏందో చెప్పాలని నోటిదాకా తెచ్చి మింగేస్తా ఉండాది. అంతమంది ముందర ఏం చెప్తాది? ఒక్క రీచార్జి చేయించయ్యా, సాలు."

"చేయిస్తే మన హక్కు పోతాదే."

"హక్కు నువ్వు పెట్టుకో. నా కూతురు మాట నాకియ్యి."

ఆ మాటకు నేను కరిగాను. కానీ నా కరగడం కూడా పాకం లాంటిది, ఆరగానే అచ్చులో గట్టిపడుతుంది. రీచార్జి చేయించడానికి బదులు ఇంకో అర్జీ రాశాను. అది చాలదేమోనని తిరుమల కొండ వైపు తిరిగి దండం పెట్టాను. స్వామీ, సిమ్ము ఇప్పించు, తలనీలాలు ఇస్తాను అని మొక్కుకున్నాను. మీకు వింతగా ఉండొచ్చు. మా వైపు పరీక్ష పాసయినా, బోరులో నీళ్ళు పడినా, గేదె సుఖంగా ఈనినా ముందు పోయేది జుట్టే.

అర్జీ పనిచేసిందో, మొక్కు పనిచేసిందో గానీ రెండో విడత జాబితాలో మా ఇల్లు వచ్చింది. సచివాలయం ఉద్యోగిని ప్రశాంతి స్కూటరు మీద వచ్చి గురువారం క్యాంపు అని చెప్పింది. "కార్డులో పేరు ఉండే వాళ్ళు ఎవరొచ్చినా సరే పెదనాయనా, ఆధార్ తెచ్చుకుంటే సాలు" అంది. ఎవరొచ్చినా సరే అంటే నాకు ఒళ్ళు మండింది. ఇన్ని సోమవారాలు బెంచీ అరగదీసింది నేను, ఎవరో వచ్చి తీసుకోవడమేమిటి? నేనే వస్తానని గట్టిగా చెప్పి పంపాను.

ఇక ఇక్కడినుంచి జాగ్రత్తగా వినండి, నా తెలివి మొదలవుతుంది. దేవుడు తన పని చేసేశాడు. నా పని మిగిలింది. ఆలస్యం చేశారని ఆఫీసులన్నిటి మీదా విరుచుకుపడే నేను దేవుడి దగ్గర ఆలస్యం చేయొచ్చా? రేపు ఆయన కూడా, 'నీది పెండింగులో ఉంది కదప్పా' అంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? బుధవారమే కొండకు బయలుదేరాను.

చెంగమ్మ గడపలో అడ్డం నిలబడింది. "సిమ్ము చేతికి రానీయ్యా. తర్వాత ఇద్దరం కలిసి పోదాం."

"దేవునికి బాకీ పెట్టేవాణ్ణి కాదు నేను."

"బాకీ యాడ పడినావు? ఇంకా సిమ్ము రాలే కదా."

"వచ్చినట్టే అనుకో" అని చెప్పి బస్సెక్కాను.

కల్యాణకట్టలో మంగలి నా తల నున్నగా చేశాక, మీసం ఉంచాలా అని అడిగాడు. ఆ మీసం నా పెళ్ళికి ముందునుంచి ఉంది. రెండు ఉడతలు ఎదురెదురుగా నిలబడి కొట్లాడుకుంటున్నట్టు ఉండేది. సగం సగం పనులు ఆఫీసుల్లో చేస్తారు, నేను చేయను, అంతా తీసెయ్యమన్నాను. తీసేశాడు. మీసం కింద ఎన్నడూ ఎండ తగలని చోట కూడా ఎండ తగిలింది. తలకు చందనం పూసుకుని, చేతిలో లడ్డు పట్టుకుని, ప్రపంచంలో ఎవరికీ ఏమీ బాకీలేని మనిషిలా ఇంటికి వచ్చాను. మా కుక్క మొరిగింది. ఆ సూచనను నేను పట్టించుకోలేదు.

గురువారం క్యాంపులో అందరికంటే ముందు నిలబడ్డాను. ప్రశాంతి తలెత్తి చూసి, "ఎవరు కావాలండీ?" అంది. గొంతు వినిపించాక గానీ గుర్తుపట్టలేదు. ముందు వేలిముద్ర వేయమంది. వేశాను. యంత్రం ఒప్పుకోలేదు. పదివేళ్ళూ మార్చి మార్చి వేశాం. ఒక్కటీ పనికిరాలేదు. దానికి కారణం ఉంది. పాకం ముదిరిందో లేదో చూడాలంటే కాస్త తీసి నీళ్ళలో వేసి వేళ్ళతో నలిపి చూడాలి. చిన్నప్పటినుంచీ ఆ వేడి పాకం నలిపీ నలిపీ నా వేళ్ళ మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"పర్వాలేదు పెదనాయనా, మొహం చూపిస్తే సాలు. అదే గుర్తుపట్టేస్తాది" అంది ప్రశాంతి ధైర్యంగా.

ట్యాబు నా మొహం ముందు పెట్టింది. తెర మీద ఒక గుండ్రం, ఆ గుండ్రంలో ఇంకో గుండ్రం. ఆ రెండోది నా తల. కళ్ళు ఆర్పమంది. కలెక్టరు ముందు కూడా కళ్ళు ఆర్పని మనిషిని, ప్రభుత్వ పథకం కదా అని ఆర్పాను. ఎర్ర గీత వచ్చింది. తల మీద ఎండ పడి మెరుస్తోందని నీడలోకి జరగమంది. మళ్ళీ ఎర్ర గీత. గోడవైపు తిరిగాను, వాకిలివైపు తిరిగాను, ఎర్ర గీతే. ప్రశాంతి ఆధార్ కార్డు తీసుకుని అందులో నన్నూ, ఎదురుగా ఉన్న నన్నూ మార్చి మార్చి చూసింది. కార్డులో ఉన్న మనిషికి పొదలాంటి జుట్టు, ఉడతల మీసం. ఎదురుగా ఉన్నది ఒలిచిన ఉల్లిగడ్డ.

"ఇందులో ఉండేది మీరేనా?"

"నేనే."

"మరి ఇది?"

"ఇదీ నేనేనమ్మా. నిన్న కొండకు పోయి వచ్చినా."

"నాకు తెలుసు పెదనాయనా. దానికి తెలియాల కదా."

నాకు పౌరుషం వచ్చింది. నేను నేనేనని కాణిపాకం వినాయకుడి ముందు తడి బట్టలతో ప్రమాణం చేస్తానన్నాను. ఆ స్వామి ముందు అబద్ధం ఆడే ధైర్యం మా జిల్లాలో ఎవరికీ లేదు. ప్రశాంతి ట్యాబులో కిందికీ పైకీ వెతికి, "అట్లాంటిది ఇందులో లేదు పెదనాయనా" అంది. నిజంగానే వెతికింది పాపం.

ఈలోపల వెనక వరసలో సలహాలు పుట్టాయి. ఒకాయన టవలు చుట్టమన్నాడు. మునిరత్నానికి సిమ్ము ఎప్పుడో వచ్చింది, అయినా ఎందుకొచ్చాడో భార్యతో సహా వచ్చి కూర్చున్నాడు. టీ కొట్టు నుంచి కాస్త బొగ్గు తెప్పిస్తే మీసం తానే గీస్తానని ముందుకొచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన నాకు చేస్తానన్న ఒకే ఒక్క సాయం అది. అంతలో ఒక ముసలవ్వ తన కొప్పు విప్పి, అందులోంచి సవరం ఊడదీసి, నేను వద్దనేలోపు నా తల మీద పరిచి సర్దింది. దాని కొస నా చెవి మీద వేలాడింది. "ఇప్పుడు సూడమ్మా, అచ్చం పాత మనిషే" అంది. వరస మొత్తం నేల మీద కూర్చుని నవ్వింది. నాకు వినబడకుండా నవ్వాలని కొందరు ప్రయత్నించారు. వాళ్ళ పేర్లు కూడా గుర్తున్నాయి.

"అవ్వా, అట్ల చేస్తే నా ఉద్యోగం పోతాది" అని ప్రశాంతి సవరం తీసి ఇచ్చేసింది. నావైపు జాలిగా తిరిగి, జుట్టు పెరిగినాక వచ్చే క్యాంపుకు రమ్మంది. నా జుట్టు పెరిగేదాకా ఆగే ప్రభుత్వమా ఇది అని నేను గొంతు పెంచబోతుంటే ఆ అమ్మాయి నా భుజం మీదుగా మెట్ల వైపు చూసింది. అక్కడ చెంగమ్మ పొద్దున్నుంచీ కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, మీ పేరు కూడా కార్డులో ఉండాది కదా. మీరొకసారి రండి."

చెంగమ్మ లేచి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ట్యాబు వైపు చూసి ఒక్కసారి రెప్ప వేసింది. పచ్చ గీత వచ్చింది. అంతే. అంత చిన్న రెప్పపాటు కోసం నేను తల మీది జుట్టంతా, దానితో మీసం కూడా పోగొట్టుకున్నాను.

సిమ్ము చేతిలో పడగానే చెంగమ్మ నడుము దగ్గరి సంచిలోంచి మా పాత బటన్ల ఫోను తీసింది. అటక మీదినుంచి ఎప్పుడు దించిందో, ఎవరింట్లో చార్జింగు పెట్టిందో నాకు తెలియదు. సిమ్ము వేయించుకుంది, కాసేపటికి సిగ్నలు వచ్చింది. సరిగ్గా అన్నం వేళ. హేమకు ఫోను కలుపుకుని సచివాలయం వెనక నీళ్ళ ట్యాంకు దగ్గరికి నడిచింది. మునిరత్నం భార్య అటు రెండడుగులు వేసింది. చెంగమ్మ వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. ఆమె ఆగిపోయింది. నేనూ రెండడుగులు వేశాను. అదే చూపు నాకూ దొరికింది. నేనూ ఆగిపోయాను.

దూరంనుంచి చూస్తూ నిలబడ్డాను. చాలాసేపు విన్నది. కళ్ళు తుడుచుకుంది. ఏదో నిదానంగా, గట్టిగా చెప్పింది. చివర్లో నా తల వైపు చూస్తూ నవ్వింది, ట్యాంకు గోడ పట్టుకుని మరీ నవ్వింది. నెలల తరబడి ఆ మనిషి అలా నవ్వగా నేను చూడలేదు. ఇన్నాళ్ళూ ఆ నవ్వు లేకపోవడం కూడా నా నిరసన పుణ్యమేనని అప్పుడు తట్టింది. కానీ ఆ సంగతి ఎక్కడా అర్జీలో రాయలేదు.

"ఏమనింది పాప?" అని అడిగాను.

"బాగుండాది. నీ గుండు సంగతి చెప్తే అన్నం పొరబోయిందంట."

"దాని కంటే ముందు ఏడ్చినావు కదే, ఎందుకు?"

"నీకు చెప్తే సోమవారం పోయి కలెక్టరు ముందర నిలబడతావు. మేం సూసుకుంటాంలే."

ఒక నెల తిరిగేసరికి హేమ హాస్టలు మారింది. ఇప్పుడు దాని గొంతు ఫోనులో హాయిగా వినిపిస్తుంది. అంటే చెంగమ్మకు వినిపిస్తుంది. నా వాటాకు వచ్చేది ఒకే ఒక్క ప్రశ్న. "నాయనా, జుట్టు వచ్చిందా?" అని అడిగి, నేను గొంతు సవరించుకునేలోపు, "అమ్మకియ్యి" అంటుంది.

అందుకని ఏడుకొండల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకమీదట సిమ్ము చేతికి వచ్చి, సిగ్నలు పడి, అవతలివాళ్ళు హలో అన్న తర్వాతే కొండెక్కుతాను. ప్రభుత్వం మీది కోపం ప్రభుత్వం మీదే చూపిస్తాను, ఇంట్లో ఫోను మీద చూపించను. మీసం జోలికి ఏ దేవుణ్ణీ రానివ్వను.

ఒక్క విషయం మాత్రం ఇంకా తేలలేదు. జుట్టు మళ్ళీ పొదలా పెరిగింది, ఉడతలు తిరిగి వచ్చాయి, ఆధార్ కార్డులో మనిషి, నేను మళ్ళీ ఒకటయ్యాం. ట్యాంకు వెనక ఆ రోజు హేమ ఏం చెప్పిందో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అడిగితే, "అయిపోయిన మాట ఎందుకులే" అంటారు తల్లీకూతుళ్ళు. కలెక్టరాఫీసులో కూడా ఇంత గట్టిగా తలుపు వేయరు. చెంగమ్మా, ఈసారి నా అర్జీ అచ్చులో పెడుతున్నాను, అందలేదనడానికి వీల్లేదు. నేను ఎవరికీ చెప్పను, ఎవరికీ రాయను, సోమవారం ఇల్లు కదలను. ఏం చెప్పిందో చెప్పు.