తప్పు పట్టినవాళ్ళకే మార్కులు

డిగ్రీలో మాకు జ్యామెట్రీ చెప్పిన సారు పద్ధతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంటర్నల్ మార్కుల్లో సగం టెస్టుకు, సగం బోర్డుకు. బోర్డు దగ్గర నిలబడి సిద్ధాంతం నిరూపించాలి. తప్పు చేస్తే ఆ మార్కులు తప్పు పట్టినవాళ్ళకు పోతాయి. లేని తప్పు పడితే పట్టినవాళ్ళకే కోత. కోడిపందేల్లో కూడా ఇంతకంటే మర్యాద ఉంటుంది.

ఆండర్సన్‌పేట నుంచి నాతోపాటు బస్సులో తమకలోని కాలేజీ దాకా వచ్చే స్నేహితురాలికి టెస్టు మార్కులు అడుగంటాయి. బోర్డు దగ్గర నోరు పెగలదు. ఇంటర్నల్ తక్కువైతే హాల్ టికెట్ రాదు. రాకపోతే చదువు మాన్పించి కొట్లో కూచోబెడతానని వాళ్ళ నాన్న తేల్చేశాడు. నాకు టెస్టులో దండిగా వచ్చాయి కాబట్టి దానగుణం పుట్టుకొచ్చింది.

"నేను కావాలని తప్పు చేస్తా, నువ్వు పట్టుకో," అన్నాను.

"నాకు తెలిసే తప్పే చెయ్యాల మరి," అంది.

నా వంతుకు సారు ముందే ఇచ్చింది త్రిభుజం మూడు మూలల గుండా పోయే వృత్తం గురించిన సిద్ధాంతం. ఆ వృత్తానికి కేంద్రం ఎప్పుడూ త్రిభుజం లోపలే ఉంటుందని మా ఇద్దరికీ గట్టి నమ్మకం. మేం చూసిన బొమ్మలన్నీ అట్లాగే ఉండేవి. నేను ఆ కేంద్రాన్ని త్రిభుజానికి బయట గీయాలని అనుకున్నాం.

నా వంతు వచ్చింది. ఒక పక్కకు వాలిపోయిన త్రిభుజం గీసి, సిగ్గు లేకుండా కేంద్రాన్ని బయట పెట్టాను. ఆమె లేచి, "తప్పు సార్. అది లోపల ఉండాల," అంది.

సారు నవ్వాడు. "ఆ కోణం చూసినావా అమ్మా? అంత వెడల్పు కోణముంటే కేంద్రం బయటే ఉంటాది."

ఆమెకు కోత. నాకు పూర్తి మార్కులు, పైన శభాష్ కూడా. భూమిలోకి దిగిపోదామంటే మా ఊళ్ళో బంగారు గనులు ఎప్పుడో మూసేశారు.

ఇక బోర్డు మార్కులు పూర్తిగా వస్తేనే ఆమె గట్టెక్కుతుంది. బస్సులో ఏడుస్తుందనుకున్నాను. పుస్తకం తీసి చదువుకుంటూ కూచుంది. మర్నాటి నుంచి వేరే సీటుకు మారింది.

ఆమె వంతు రోజు సారు అదే సిద్ధాంతం ఇచ్చాడు, మహానుభావుడు. ఆమె మూడు త్రిభుజాలు గీసింది. ఒకదానికి కేంద్రం లోపల, ఒకదానికి బయట, ఒకదానికి సరిగ్గా భుజం మీద. ఎందుకో మూడింటికీ చెప్పింది. క్లాసంతా గద్దల్లా కాచుకుని ఉంది గానీ ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు సుద్దముక్కతో నా వైపు తిరిగి, "ఇంగ నీకేమన్నా తప్పు కనిపిస్తా ఉండాదా?" అంది.

"లేదు," అన్నాను.

హాల్ టికెట్ వచ్చిన రోజు బస్సులో మళ్ళీ నా పక్కన కూచుంది.

"ఇంగమీద నువ్వు నాకు సాయం చెయ్యొద్దు," అంది.

సరే అన్నాను.