ముందు చక్రాలు దాచుకున్న కారు

మా చిన్నాయన పోయాడు. మొన్న పొద్దున, ఆయన పక్కింట్లో వంట చేసే రాయచోటి భాయి, కువైట్‌లో మహబూలా పేటలో ఉన్న మా గదికి ఆదరాబాదరా వచ్చి, "మీ చిన్నాయన ఖలాస్, అబ్బీ" అని గడపమీదే కూలబడ్డాడు. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైనికులు తుపాకి మడమలతో కొట్టిన దెబ్బలకు తెల్లారేసరికి ప్రాణం పోయింది.

నేనిది ఏడవడానికి రాయడం లేదు. ఎవరు చంపారో మన తెలుగువాళ్లందరికీ తెలియాలి.

అర్దియాలో ఒక కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని ఇంట్లో, ఆయన డ్రైవరు. ఆ కఫీల్ తండ్రి కొన్న పాత అమెరికా కారు, రాంబ్లర్, ఆయన చేతిలోనే ఉండేది. అమెరికాలో పడవలంత కార్లు తిరిగే రోజుల్లో చిన్నగా పుట్టిన బండి అది. ఇనుము కరువు కాబట్టి పైకప్పు గుడ్డతో చేశారట. చిన్నదని ఎవరూ చులకన చేయకుండా రేడియో, హీటరు బిగించే అమ్మారట.

"పేదోడు పెండ్లికి పోతే ఉతికిన చొక్కా తొడుక్కోడా? ఇదీ అంతే" అనేవాడు రేకు తుడుస్తూ. కువైట్ ఎండలో హీటరు సంగతి చెప్పేటప్పుడు మాత్రం తనే పగలబడి నవ్వేవాడు.

విప్లవ కరపత్రాల్లో చదివిన మాటలన్నీ నేను ఆయనమీదే ప్రయోగించేవాణ్ని.

"కఫీల్ సౌదీకి పారిపోయినాడు. వాని కారుకు నువ్వు కాపలానా చిన్నాయనా? ఇది బానిసత్వం!"

"గమ్ముండ్రా. ఆయప్ప పారిపోయినాడని నేనూ పోతే, ఆయప్పకూ నాకూ తేడా ఏముండాది? ఇంద, ఈ జాకీ పట్టుకో."

ఆ కారు ముందు చక్రాలు చాలావరకు రేకు లోపలే ఉంటాయి. చూడ్డానికి అందం, టైరు మార్చాలంటే నరకం. బండిని బాగా పైకెత్తి, చక్రాన్ని కిందికి వేలాడనిచ్చి అప్పుడు లాగాలి. ఇరాక్ వాళ్లు ఊళ్లోకి దిగినరోజే, బండిని ఎవరూ తోలుకుపోకుండా ఆయన ఆ రెండు టైర్ల గాలి తీసేశాడు.

కారు కోసం వచ్చిన సైనికులు "యల్లా, టైరు మార్చు" అన్నారట.

"నాకు రాదు" అన్నాడట, ఏళ్లతరబడి ఆ బండిని తిప్పినవాడు. అందుకే కొట్టారు. లారీ తెచ్చి లాక్కుపోతామని చెప్పి వెళ్లారు.

నేను క్షమించను. ఆయన శవం దగ్గర మనుషుల్ని కూర్చోబెట్టి, మా గదిలోని నలుగురం ఆ కఫీల్ ఇంటికి పోయాం. నాలుగు చక్రాలూ ఊడదీసి, తలా ఒకటి దొర్లించుకుంటూ తలా ఒక సందులో దాచి, ఎదురింటి మిద్దెక్కి కూర్చున్నాం.

లారీ వచ్చింది. తాడు కట్టి లాగితే, కారు కడుపు నేలకు రాసుకుంటూ వచ్చి గేటు మధ్యలో ఇరుక్కుంది. తాడు తెగింది. ఇంట్లోంచి ఫ్రిజ్జు మోసుకొచ్చిన సైనికులకు బయటికి దారి లేదు. అరుపులు, తిట్లు. నడినెత్తిన ఎండ. చివరికి ఫ్రిజ్జును లోపలే వదిలేసి, కాలే రేకుమీద చేతులు ఆనించలేక గెంతుతూ, ఒక్కొక్కడే మా చిన్నాయన కారు మీదికెక్కి, దిగి, పోయారు.